మోడల్ విమానం మీద రివెట్లు: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

రివెట్లలో, అంటే విమానం రేకుల్ని బిగించే మేకుల తలల్లో, తప్పు సాధారణంగా రంగు వేశాకే బయటపడుతుంది. కానీ అది జరిగేది రంగుకి చాలా ముందు, బోడి ప్లాస్టిక్ మీద చక్రం దొర్లించేటప్పుడు. కాబట్టి ఏ సమస్య వచ్చినా ఒకటి రెండు దశలు వెనక్కి వెళ్లి కారణం వెతకాలి. నేను ఎక్కువగా 1/48 స్కేల్‌లో (అసలు విమానంలో 48వ వంతు సైజులో) రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాలు చేస్తాను కనుక ఉదాహరణలన్నీ అక్కడివే. పనిముట్టు రివెట్ వీల్, అంటే పిడికి బిగించిన చిన్న పళ్ల చక్రం. దొర్లిస్తే ప్లాస్టిక్ మీద రివెట్ల వరసలా చిన్న గుంటలు పడతాయి.

ప్రైమర్ వేయగానే రివెట్లు మాయమయ్యాయి

ప్రైమర్ అంటే అసలు రంగుకి ముందు వేసే పూత. ఎక్కువమందిని ఏడిపించే సమస్య ఇదే. ముందు అనుమానించాల్సింది లోతుని. బోడి ప్లాస్టిక్ మీద వెలుతురు పడి గుంటలు మెరుస్తుంటే చాలా లోతుగా ఉన్నట్టే అనిపిస్తాయి, కానీ రెండు పూతల ప్రైమర్‌కే పూడిపోతాయి. రెండో అనుమానం దుమ్ము మీద. రుద్దిన ప్లాస్టిక్ పొడి గుంటల్లో కూరుకుపోతే పైన పడిన ప్రైమర్ దాన్ని అక్కడే గట్టిపరుస్తుంది. మూడోది మన ఎండాకాలం. మిట్టమధ్యాహ్నం డాబా మీద స్ప్రే డబ్బాతో కొడితే ప్రైమర్ గాల్లోనే సగం ఆరి పొడిపొడిగా పడుతుంది. ఆ గరుకు కింద 0.1 మి.మీ. గుంట ఎలా కనిపిస్తుంది?

అందుకే ప్రైమర్‌కి ముందే పరీక్ష పెట్టుకోండి. మెత్తటి టూత్‌బ్రష్‌తో, సబ్బునీళ్లతో గుంటల వరస వెంబడి తోమి ఆరనివ్వండి. తరువాత బాగా పల్చన చేసిన ముదురు ఎనామెల్ రంగు పూసి వెంటనే గుడ్డతో తుడవండి. గుంట ఉన్నచోట చుక్క మిగులుతుంది. చుక్క పడనిచోట లోతు చాలలేదని అర్థం, అక్కడ సూది మొనతో ఒక్కో గుంటా లోతు చేయాలి. ఈ పరీక్షకి పావుగంట పడుతుంది. నేను దీన్ని ఏ మోడల్‌కీ వదలను. ప్రైమర్ మాత్రం ఉదయం చల్లపూట, పల్చటి పూతలుగా వేయండి.

ప్రైమర్ ఇప్పటికే వేసేశారా? దాని మీదే చక్రం తిప్పకండి, పూత పెచ్చులుగా లేస్తుంది. కడిగేసి మళ్లీ మొదలుపెట్టడమే దారి.

రివెట్లు గుంటల్లా కాక చిన్న చిన్న పొక్కుల్లా కనిపిస్తున్నాయి

చక్రం పన్ను ప్లాస్టిక్‌ని తీసేయదు, పక్కకి నెడుతుంది. మొక్కకి పాదు తీస్తే మట్టి అంచున పోగైనట్టు గుంట చుట్టూ సన్నటి గట్టు లేస్తుంది. రంగు పడ్డాక కంటికి ఆ గట్టే కనిపిస్తుంది. 1000 నంబర్ వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 2000 దాకా, నీళ్లు తడుపుతూ, వేలితో నొక్కకుండా తేలిగ్గా రుద్దండి. గట్టు పోయిందో లేదో గోరు అడ్డంగా పోనిచ్చి చూడండి. తరువాత మళ్లీ తోమడం తప్పనిసరి, లేకపోతే పై సమస్యే తిరిగొస్తుంది.

వరస వంకర పోయింది, లేదా ఒకే వరస రెండుగా పడింది

వంకరకి కారణం దాదాపు ఎప్పుడూ ఆనుడు సరిగా లేకపోవడమే. మాస్కింగ్ టేప్ అంచు చాలా పల్చన, చక్రం దాన్ని ఎక్కేస్తుంది. లేబుళ్ల కోసం వాడే మందపాటి డైమో టేప్ గట్టి గోడలా నిలబడుతుంది, కాస్త వంపు ఉన్న ఫ్యూజిలాజ్ (విమానం ఒళ్లు) మీదా అతుక్కుంటుంది. చక్రాన్ని టేప్ వైపు కొద్దిగా ఒరిగించి, ఒకే వేగంతో మీ వైపుకి లాగండి.

రెండు వరసలు పడేది రెండోసారి తిప్పినప్పుడు. పన్ను పాత గుంటలో కాక రెండు గుంటల మధ్య దిగుతుంది. రెండోసారి తిప్పక తప్పకపోతే మొదటి గుంటలో పన్ను కూర్చుందని వేలికి తెలిశాకే కదపండి. నా మటుకు నేను ఒకేసారి గట్టిగా నొక్కి తిప్పడమే మంచిదంటాను.

తప్పు వరసని పూడ్చడానికి పల్చటి సూపర్ గ్లూ వాడొచ్చు కానీ ఆలస్యం చేయకూడదు. రాత్రంతా వదిలేస్తే అది ప్లాస్టిక్ కంటే గట్టిపడుతుంది, తెల్లారి రుద్దబోతే చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అరిగి జిగురు మిట్టలా మిగులుతుంది. గంటలోపే రుద్దేయండి. కొత్త వరస సరిగ్గా ఆ జిగురు మీదే రావాల్సి ఉంటే, జిగురు బదులు అదే కిట్ ప్లాస్టిక్ ముక్కల్ని మోడల్ సిమెంట్‌లో (ప్లాస్టిక్‌ని కరిగించే జిగురులో) కరిగించి పూడ్చండి, అంతా ఒకే గట్టిదనంతో ఉంటుంది. ఆరడానికి మాత్రం ఒకటి రెండు రోజులు ఆగాలి.

అన్నీ బాగానే ఉన్నాయి, కానీ విమానం బొమ్మలా ఉంది

కొలత తప్పింది. అసలు విమానం మీద రివెట్ తల సుమారు 5 మి.మీ. అనుకుందాం. 1/48లో అది 0.1 మి.మీ., 1/72లో 0.07. రివెట్ల మధ్య దూరం 30 మి.మీ. అయితే 1/48లో 0.63, 1/72లో 0.42. చక్రం కొనేటప్పుడు పళ్ల దూరం ఈ లెక్కకి దగ్గరగా ఉందో లేదో చూసుకోండి. గుంట సైజుని ఇంతకంటే చిన్నది చేయలేం కాబట్టి మిగతా పని రంగుతో చేయాలి. నల్లటి వాష్, అంటే గుంటల్లోకి పారేలా పూసే బాగా పల్చటి రంగు, ప్రతి గుంటనీ రెట్టింపు చేసి చూపిస్తుంది. ఒంటి రంగు కంటే రెండు మెట్లు ముదురు రంగు చాలు. వాష్‌కి ముందు గ్లాస్ (మెరిసే) పూత ఉండాలి, మ్యాట్ రంగు మీద అది మరకలా పాకుతుంది.

రివెట్లు చక్కగా ఉన్నాయి, కానీ ఉండకూడని చోట ఉన్నాయి

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే పనితనమంతా తప్పు చోట ఖర్చవుతుంది. రివెట్ అలంకారం కాదు. పైనున్న రేకుని లోపలి ఎముకల గూడుకి, అంటే రిబ్బులకీ ఫ్రేములకీ, బిగించే మేకు. లోపల ఎముక లేనిచోట రివెట్ వరస ఉండదు. మస్కిటో అనే విమానం ఒళ్లు చెక్క. హరికేన్ విమానం వెనక భాగం మీద గుడ్డ. పి-51 మస్టాంగ్ రెక్క లోహమే అయినా, గాలి నున్నగా జారాలని కర్మాగారంలోనే రెక్క ముందు భాగంలో, సుమారు 40 శాతం వెడల్పు వరకు, రివెట్లకీ అతుకులకీ లప్పం పెట్టి రుద్ది రంగేశారు. అక్కడ గుంటలు చేసి ఉంటే పూడ్చేయండి. మీ కిట్‌లోనే అవి ఉన్నా సరే. రెక్క మీద బోడి లోహం రంగు కాక వెండి పెయింట్ వేయాలి.

బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్ కథ ఇంకా ముచ్చటైనది. తల లేచి ఉండే రివెట్లు వేగాన్ని ఎంత తగ్గిస్తాయో తెలుసుకోవడానికి నమూనా విమానం కె5054 మీద సమతలంగా ఉన్న రివెట్ల మీద బఠానీ బద్దలు అతికించి ఎగరేశారు. అన్నిచోట్లా అతికిస్తే గంటకి 22 మైళ్ల వేగం పోయింది. తరువాత కొన్ని కొన్ని తీసేస్తూ ఎక్కడ నష్టం ఎక్కువో, ఎక్కడ ఫరవాలేదో తేల్చారు. అందుకే స్పిట్‌ఫైర్ రెక్కల మీద రివెట్లు నున్నగా, ఫ్యూజిలాజ్ మీద లేచి ఉండేవి. ఫ్యూజిలాజ్ కూడా నున్నబడింది 1943 తొలినాళ్ల నుంచే.

లేచి ఉండాల్సిన రివెట్లు అతుకు రుద్దేటప్పుడు అరిగిపోయాయి

అంటే 1940 నాటి స్పిట్‌ఫైర్ చేస్తుంటే వెనక ఫ్యూజిలాజ్‌కి చక్రం పనికిరాదు, రెజిన్ చుక్కలున్న రివెట్ డెకాల్స్ (తడిపి అతికించే సన్నటి స్టిక్కర్లు) కావాలి. ఇవి అతికించాక చుట్టూ ఫిల్మ్ అంచు కనిపిస్తోందంటే కింద ఉపరితలం గరుకుగా ఉందన్నమాట. అతుకు పని పూర్తిగా ముగించి, గ్లాస్ పూత వేసి, వరసని వీలైనంత సన్నగా కత్తిరించి అతికించండి. డెకాల్ సాఫ్ట్‌నర్ (డెకాల్‌ని మెత్తబరిచే ద్రవం) రెండుసార్లు రాసి ఒక రాత్రి ఆరనివ్వండి. ఆ తరువాతే ప్రైమర్. దాని మీద ఇక వాటర్ పేపర్ తగలనివ్వకండి.