కొండ కాలతా ఉంటే రాత్రి మిద్దె మీద పడుకోవద్దు: తిరుపతి కొండకింద ఉండేవాళ్ళకు జాగ్రత్తలు

మళ్ళీ మొదలైంది. శేషాచలం అడవిలో మంటలు అని టీవీలో స్క్రోలింగ్ వస్తా ఉంది, జీవకోన, కపిలతీర్థం, అలిపిరి వైపు ఉండేవాళ్ళు కొండ మీద ఎర్రటి గీతను వీడియో తీసి స్టేటస్ పెడతా ఉండారు. ఎండలు ముదిరేసరికి ఆకంతా రాలిపోతుంది, బోద గడ్డి నిలువునా ఎండిపోయి ఉంటుంది, ఎవడో బీడీ ఆర్పకుండా పారేస్తాడు, ఇంకెవడో పశువులకు కొత్త గడ్డి మొలవాలని నిప్పు పెడతాడు, ఇంక మే నెల దాటేదాకా మనకు ఇదే గొడవ. 2014 మార్చిలో పాపవినాశనం, కాకులకొండ వైపు అంటుకున్నప్పుడు ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది, చాలామందికి గుర్తుండే ఉంటుంది.

నీళ్ళు బాగా తాగండి, బయట తిరగొద్దు, పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోండి, ఇవన్నీ అందరూ చెప్తానే ఉండారు కాబట్టి వదిలేస్తా. నేను గట్టిగా చెప్పాలనుకునేది ఒక్కటే. ఏ ఏడు మంట వచ్చినా మనుషులు ఆస్పత్రి పాలయ్యేది ఎక్కువగా ఈ ఒక్క తప్పు వల్లనే అని నేను చూస్తా ఉండా. పగలంతా జాగ్రత్తగా ఉండి, రాత్రి చల్లగా ఉందని చాప దిండు ఎత్తుకోని మిద్దెక్కడం.

మా వీధిలో ఒక పెద్దాయన ఉండాడు, ఆయాసం మనిషి, ఇన్హేలర్ వాడతాడు. కొండ కాలతా ఉంటే పగలంతా తలుపులేసుకోని ఇంట్లోనే ఉన్నాడు. రాత్రి మంట తగ్గినట్టు కనిపించింది, గాలి చల్లగా తగిలింది, పైకి పోయి పడుకున్నాడు. తెల్లారి కోడలు కాఫీ తీసుకోని పోతే మనిషి లేచి కూర్చోని ఉండాడు కానీ మాట రావడం లేదు, రెండు పదాలు అని ఆగి గాలి కోసం నోరు తెరస్తా ఉండాడు. కప్పుకున్న తెల్ల దుప్పటి నిండా నల్లటి నుసి, కాలిన ఆకు ముక్కలు, వేలు పెడితే నలిగి కాటుకలాగ అంటుకుంటా ఉండాయి. 108 వచ్చింది, ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టినారు. బతికి ఇంటికి వచ్చినాడు, కాకపోతే రోజూ కపిలతీర్థం దాకా నడిచి పోయి వచ్చే మనిషి ఇప్పుడు గేటు దాకా వచ్చి కూర్చుండిపోతా ఉండాడు.

రాత్రి ఎందుకు ఎక్కువ

పగలు ఎండకు కొండ కాగుతుంది, వేడి గాలి వాలు పట్టుకోని పైకి పోతుంది, పొగ కూడా దాంతోనే పైకి లేచి పోతుంది. అందుకే మధ్యాహ్నం కొండ మీద అంత పొగ కనిపిస్తా ఉన్నా కింద మనకు పెద్దగా తెలీదు. పొద్దు మునిగినాక తిరగబడుతుంది. కొండ తొందరగా చల్లబడి, చల్లబడిన గాలి బరువెక్కి కోనల్లోంచి కిందికి జారుతుంది, పొగను వెంటబెట్టుకోని వస్తుంది. కింద చల్లగాలి, పైన వెచ్చగాలి, ఇంక పొగ పైకి లేవలేదు, మన వీధుల్లోనే కూర్చుంటుంది. అర్ధరాత్రి నుంచి పొద్దున ఎనిమిది తొమ్మిది దాకా, ఎండ గట్టిగా తగిలేదాకా, అదే వరస. మీ ఒంటికి తగిలే ఆ చల్లగాలే పొగను మోసుకొచ్చే గాలి. తిరుమల మనకన్నా ఏడెనిమిది వందల మీటర్లు ఎత్తులో ఉంది, ఆ ఎత్తు మీద నుంచి జారేదంతా చేరేది కొండకింద వీధులకే.

వాసన వస్తే లేచి కిందికి పోతాంలే అనుకోవద్దు. ముక్కు కాసేపటికి వాసనకు అలవాటు పడిపోతుంది, నిద్రలో అసలు తెలీదు. ఫోన్‌లో గాలి ఎంత చెడిందో చూపించే సమీర్ యాప్ చూసి బాగానే ఉందిలే అనుకునేవాళ్ళకు కూడా ఒక మాట. అందులో చూపించే ఏక్యూఐ, అంటే గాలి నాణ్యత నంబర్, 24 గంటల సగటు మీద లెక్క కట్టేది, ఇప్పుడే దిగిన పొగ ఆ నంబర్‌లో కనపడే లోపల మీరు సగం రాత్రి పీల్చేసి ఉంటారు. నంబర్ 200 దాటితే సరే జాగ్రత్త పడాల్సిందే, దాటలేదని మాత్రం మిద్దె ఎక్కొద్దు.

పొద్దున వాకింగ్ కూడా ఇంతే. తెల్లారుజామున గాలి ఫ్రెష్‌గా ఉంటుందని అలిపిరి వైపు, యూనివర్సిటీ గ్రౌండ్ వైపు పోతారే, ఈ రోజుల్లో అది అన్నిటికన్నా చెడ్డ టైము. మానుకోండి, మంటలు ఆరిపోయినాక నడవొచ్చు.

మరి ఉక్కకు ఏం చేసేది

ఇది న్యాయమైన ప్రశ్న, దీనికి జవాబు చెప్పకుండా మిద్దె మీద పడుకోవద్దు అంటే ఎవరూ వినరు. స్లాబు పగలంతా కాగి రాత్రి లోపలికి దించుతుంది, అందుకే జనం పైకి పోతారు. నేను చెప్పేది ఇది. కిటికీలు వేసే టైము మార్చండి. మధ్యాహ్నం పొగ పైకి పోయే టైములో, బయట వాసన లేకపోతే, కిటికీలు తెరిచి గాలి ఆడనీండి. సాయంకాలం ఆరింటికల్లా అన్నీ మూసేయండి, చల్లబడినాక తెరుద్దాంలే అనే అలవాటు ఈ నెలల్లో పూర్తిగా మర్చిపోండి. పొద్దు మునిగేముందు మిద్దె మీద నీళ్ళు బాగా కొట్టండి, స్లాబు చల్లబడుతుంది, పడిన బూడిద కూడా లేవకుండా అణుగుతుంది. ఆ పని చేసేముందు వాన నీళ్ళు సంపులోకి పోయే పైపు ఉంటే దాన్ని పక్కకు తిప్పండి.

ఇల్లంతా కాపాడలేరు, ఒక్క రూమ్ కాపాడుకోండి. తక్కువ కిటికీలు ఉన్న రూమ్ చూసుకోని, తలుపు కింద సందులో తడి టవల్ పెట్టి, ముసలోళ్ళు, చంటిపిల్లలు, కడుపుతో ఉన్నోళ్ళు అందులో పడుకోవాలి. ఫ్యాన్ వేసుకోవచ్చు. స్ప్లిట్ ఏసీ ఇంట్లో గాలినే తిప్పుతుంది, పర్వాలేదు, విండో ఏసీకి బయటి గాలి లాగే మూత ఉంటే మూసేయాలి. కూలర్ మాత్రం వేయొద్దు. కిటికీకి పెట్టిన కూలర్ బయటి గాలినే లాగి లోపలికి కొడుతుంది, తడి గడ్డిలోంచి వస్తుంది కదా శుభ్రమైపోతుంది అనుకుంటారు, పొగలో ఉండే సన్నటి నుసి, పీఎం 2.5 అంటారే, వెంట్రుక మందంలో పాతికో వంతు కూడా ఉండదు, దాన్ని ఆ గడ్డి ఆపలేదు. కూలర్ నడపడం అంటే పొగను డబ్బులిచ్చి ఇంట్లోకి తెచ్చుకోవడమే.

అదే రూమ్‌లో దోమల చుట్ట, సాంబ్రాణి, అగరబత్తి వద్దు. దేవుడికి దీపం చాలు ఈ నాలుగు రోజులు.

రేకుల ఇల్లు, పైన బోద కొట్టం ఉన్నవాళ్ళకు ఇవేవీ కుదరవు, నాకు తెలుసు. మూసుకోని కూర్చుంటే ఉడికిపోతారు, వడదెబ్బ కూడా ప్రాణం తీసేదే. వాళ్ళు రాత్రిపూటకు కొండకు దూరంగా, తిరుచానూరు వైపో ఇంకెక్కడో చుట్టాలింటికి పోవడమే మంచిది, ముసలోళ్ళనైనా పంపండి. పక్కన స్లాబు ఇల్లు ఉన్నవాళ్ళు ఒక రూమ్ ఇవ్వండి, అడిగేదాకా చూడొద్దు.

బూడిద

పొద్దున లేచి వాకిట్లో, మిద్దె మీద బూడిద కనపడగానే మన ఆడవాళ్ళు చేసే మొదటి పని పరక తీసుకోని కసువు ఊడ్చడం. ఆ పొడి బూడిద లేచి నేరుగా ముక్కులోకే పోతుంది, రాత్రంతా రూమ్ మూసుకోని చేసిన జాగ్రత్త అంతా ఆ పది నిమిషాల్లో పోతుంది. ముందు నీళ్ళు చిలకరించి, తడిసినాక తీయండి. మరీ కుమ్మరించొద్దు, బూడిద నీళ్ళకు క్షారం ఉంటుంది, చేతులు మండుతాయి, పిల్లలు అందులో ఆడితే కాళ్ళు పొక్కుతాయి. చేతికి గ్లౌజు, లేకపోతే ప్లాస్టిక్ కవర్ తొడుక్కోండి. బండి అద్దం మీద పడిందని పొడిగుడ్డతో రుద్దొద్దు, గీతలు పడతాయి, నీళ్ళు పోసినాకే వైపర్ వేయాలి.

సింటెక్స్ ట్యాంకు మూత ఈరోజే చూడండి. చాలా ఇళ్ళల్లో మూత ఎప్పుడో గాలికి పోయి గోనెపట్ట కప్పి ఉంటారు. బూడిద పడిన నీళ్ళు కాచినా బూడిద పోదు, ఆ నీళ్ళు వదిలేసి ట్యాంకు కడుక్కోవడమే. ఈ నెలల్లో మిద్దె మీద చింతపండు, ఎండుమిర్చి, వడియాలు ఆరబెట్టేది ఉంటుంది, మంట ఆరేదాకా ఆపండి. ఆరబెట్టేసి ఉంటే వడియాలు ఎవరికీ పెట్టొద్దు, మిర్చి కడిగి మళ్ళీ ఎండబెట్టుకోండి.

మాస్క్ గురించి రవ్వంత. కర్చీఫ్, తువ్వాలు, తడి గుడ్డ, ఏదీ ఆ నుసిని ఆపదు, నిప్పురవ్వ పడకుండా మాత్రమే పనికొస్తుంది. ఎన్95 ఉండాలి, రెండు దారాలూ తలకు బిగించుకోవాలి, ముక్కు మీద రేకు నొక్కాలి. తీసినాక ముక్కు పక్కన చర్మం మీద నల్లటి చార కనిపిస్తే అక్కడి నుంచి గాలి దూరతా ఉందని అర్థం, గడ్డం ఉన్నోళ్ళకు దాదాపు ఇదే పరిస్థితి. ఎన్95 పెట్టుకున్నా కదా అని మిద్దె మీద పడుకుంటానంటే, పడుకోవద్దు, నిద్రలో అది జారుతుంది.

ఇంక మిగతావి వరసగా చెప్పేస్తా, చదివి వదిలేయకుండా చేయండి.

ఆయాసం, గుండె జబ్బు ఉన్నోళ్ళ మందులు, ఇన్హేలర్ ఇప్పుడే రెండు వారాలకు సరిపడా తెచ్చి పెట్టండి, సగం రాత్రి మెడికల్ షాపు వెతకొద్దు.

మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడం, పెదాలు నీలంగా మారడం, గుండెల్లో పట్టేసినట్టు ఉండడం, తికమకగా మాట్లాడడం, వీటిలో ఒక్కటి ఉన్నా 108. తెల్లారనీ చూద్దాం అనొద్దు.

కోవిడ్‌లో కొన్న వేలికి పెట్టే మీటర్ ఉంటే వాడండి, కానీ మంటకు దగ్గరగా పోయి పొగ పీల్చినోళ్ళ విషయంలో దాన్ని నమ్మొద్దు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో చేరితే ఆ మీటర్ దాన్ని కూడా ఆక్సిజన్ అనుకోని బాగానే చూపిస్తుంది. తలనొప్పి, వాంతి, మగత ఉంటే నంబర్ ఎంతున్నా ఆస్పత్రికే.

కుక్క, ఆవు, మేక, వాటికి కూడా పొగ పొగే. తొట్టి నీళ్ళ మీద ఏదైనా కప్పండి, బూడిద పడిన మేత వేయొద్దు.

మంట వచ్చినప్పుడు అడవి జంతువులు కిందికి దిగుతాయి, చిరుత కూడా. పిల్లల్ని చీకట్లో కొండవైపు పంపొద్దు.

భాకరాపేట, మామండూరు, కరకంబాడి వైపు అడవి అంచున మామిడి తోపులు ఉన్నవాళ్ళు వినండి. తోపు చుట్టూ ముప్ఫై అడుగులైనా రాలిన ఆకు, ఎండు గడ్డి తీసేయండి, తీసేయమంటే కాల్చమని కాదు. గెనిమ మీద గడ్డికి నిప్పు పెట్టి నేను పక్కనే ఉంటాలే అన్నోళ్ళ చేతుల్లోంచే అది కొండెక్కేది. రిజర్వ్ ఫారెస్ట్‌కు నిప్పంటుకుంటే కేసు మీ మీదనే.

గడ్డివామి, పిడకలు, కొబ్బరి మట్టలు ఇంటికి ఆనించి పెట్టొద్దు. మంట ఇల్లు చేరాల్సిన పనిలేదు, గాలికి కొట్టుకొచ్చిన ఒక్క నిప్పురవ్వ చాలు.

డ్రిప్ పైపులు, మోటరు కాలిపోతాయని మంటకు ఎదురు పోవద్దు. పైపులు మళ్ళీ కొనుక్కోవచ్చు.

మంటకు పైన ఎప్పుడూ నిలబడొద్దు. వాలు మీద మంట పైకి మనిషికన్నా వేగంగా పరిగెత్తుతుంది, దాని వేడికి పై గడ్డి ముందే ఎండి సిద్ధంగా ఉంటుంది. మంటకు సరిగ్గా కింద కూడా వద్దు, కాలిన మొద్దులు, రాళ్ళు దొర్లుకుంటా వస్తాయి.

ఫారెస్ట్ వాళ్ళు పిలవకుండా ఆర్పడానికి పోవద్దు. పిలిస్తే కాటన్ ఫుల్ చొక్కా, షూ. నైలాన్, పాలిస్టర్ వేసుకోని పోవద్దు, కరిగి ఒంటికి అతుక్కుంటుంది. లుంగీ వద్దు.

వీడియో కోసం కొండకింద బండ్లు ఆపి దారి మూసేయొద్దు, ఫైరింజన్ పోవాలి.

పొగలో ఘాట్ రోడ్డు మీద హైబీమ్ వేయొద్దు, పొగ మీద పడి వెలుతురు తిరిగి మీ కళ్ళలోకే కొడుతుంది. లోబీమ్, నిదానం, అద్దాలు మూసి ఏసీ లోపలి గాలి మీద పెట్టాలి.

పొగలో కరెంటు లైన్లు ట్రిప్ అవుతాయి. ట్యాంకు సాయంకాలమే నింపుకోండి, ఫోన్లు ఛార్జ్ చేసుకోండి. కరెంటు పోయింది, ఫ్యాన్ ఆగింది, ఉడికిపోతా ఉంది, సరిగ్గా అప్పుడే జనం మిద్దెక్కేది. ఎక్కొద్దు. విసనకర్ర, తడిగుడ్డ, కింద గచ్చు మీద పడుకోవడం. ఎక్కొద్దు అంటే ఎక్కొద్దు.

మంట ఆరిపోయింది అని చెప్పినాక కూడా మొద్దులు లోపల్లోపల చాలా రోజులు పొగలు కక్కుతా ఉంటాయి. రాత్రిపూట ఆ పొగ కూడా కిందికే దిగుతుంది. ఆరింది కదా అని అదే రాత్రి చాప పైకి తీసుకోని పోవద్దు, తెల్లారుజామున లేచి వాకిట్లో నిలబడి చూడండి, వాసన లేకుండా వరసగా కొన్ని తెల్లారులు గడిచినాక పోండి.

ఆ తర్వాత మొదటి పెద్ద వాన. కాలిన నేల నీళ్ళను పీల్చుకోదు, ఆపడానికి గడ్డి ఉండదు, పైన కొట్టిన వాన పైన ఆగకుండా బూడిద, మట్టి, రాళ్ళతో కలిసి ఒక్కసారిగా వంకల్లోకి వస్తుంది. ఇక్కడ చినుకు లేకపోయినా వస్తుంది. జీవకోన వైపు, కపిలతీర్థం కింద వంకల పక్కన ఇళ్ళున్నోళ్ళు ఆ రాత్రి మేలుకోని ఉండాలి, బండ్లు వంక ఒడ్డున పెట్టొద్దు. జలపాతం పడిందని పిల్లల్ని తీసుకోని స్నానానికి పరిగెత్తొద్దు, ఆ నల్లనీళ్ళు పోయి తేటనీళ్ళు వచ్చేదాకా ఆగండి.