మెమరీ తక్కువైనప్పుడు: లక్షణం, కారణం, పరిష్కారం

ర్యామ్ 90 శాతం నిండిందని టెన్షన్ పడి ట్యాబ్‌లన్నీ మూసేసేవాళ్లు చాలామంది. ఆ ఒక్క అంకెతో ఏదీ తేలదు. సిస్టమ్ ఎలా ఇబ్బంది పడుతోందో చూస్తేనే కారణం దొరుకుతుంది. ఇక్కడ చెప్పేది ఎక్కువగా లినక్స్ గురించి, చివర్లో కొంచెం విండోస్.

సమస్య: ఏమీ తెరవలేదు, అయినా ఖాళీ మెమరీ దాదాపు లేదు

ఇది అసలు సమస్యే కాదు. ఒకసారి డిస్క్ నుంచి చదివిన ఫైళ్లను కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లోని కేంద్ర భాగం) ర్యామ్‌లోనే అట్టిపెట్టుకుంటుంది. దాన్నే పేజ్ కాష్ అంటారు. ఎవరైనా మెమరీ అడిగితే అందులో చాలా భాగాన్ని వెంటనే వదిలేస్తుంది. ఫ్రీ కమాండ్ ఇచ్చినప్పుడు 'ఫ్రీ' కాలమ్‌ను కాదు, 'అవైలబుల్' కాలమ్‌ను చూడండి. అది బాగానే ఉంటే ఏమీ చేయనక్కర్లేదు. కాష్ ఖాళీ చేసే క్లీనర్ల వల్ల ఒరిగేదేమీ లేదు, అవే ఫైళ్లను మళ్లీ డిస్క్ నుంచి చదవాల్సి వస్తుంది.

సమస్య: మౌస్ కూడా కదలదు, డిస్క్ మాత్రం ఆగకుండా పనిచేస్తోంది

ఖాళీ పేజీలు (కెర్నల్ మెమరీని పంచే చిన్న ముక్కలు) ఒక హద్దు కిందికి రాగానే కెస్వాప్‌డీ అనే కెర్నల్ థ్రెడ్ మేలుకుంటుంది. డిస్క్ మీద నకలు ఉన్న ఫైల్ పేజీలను ఊరికే పారేస్తుంది. ప్రోగ్రామ్‌ల సొంత డేటాకు అలాంటి నకలు ఉండదు కాబట్టి దాన్ని స్వాప్‌లో, అంటే ర్యామ్‌కు తోడుగా మామూలుగా డిస్క్ మీద కేటాయించిన చోట రాస్తుంది. అది కూడా చాలకపోతే, మెమరీ అడిగిన ప్రోగ్రామే తన పని ఆపుకుని పేజీలు ఖాళీ చేసే పనిలో పడాలి. స్క్రీన్ బిగుసుకుపోయేది అప్పుడే. ఇప్పుడే బయటికి పంపిన పేజీ మరుక్షణమే మళ్లీ కావాల్సి వస్తుంటే దాన్ని థ్రాషింగ్ అంటారు.

నిర్ధారించుకోవడానికి 'విఎంస్టాట్ 1' ఇచ్చి 'ఎస్ఐ' (స్వాప్ నుంచి ర్యామ్‌లోకి వస్తున్నది), 'ఎస్ఓ' (ర్యామ్ నుంచి స్వాప్‌లోకి పోతున్నది) కాలమ్‌లు చూడండి. మొదటి వరుస బూట్ అయినప్పటి నుంచి సగటు, దాన్ని వదిలేయండి. ఆ తర్వాతి వరుసల్లో రెండూ పెద్ద అంకెలతో కొనసాగుతుంటే థ్రాషింగే. స్వాప్ నిండుగా ఉండి ఈ రెండూ సున్నాగా ఉంటే కంగారు అక్కర్లేదు.

నడుస్తున్న ప్రోగ్రామ్‌లను చూపే టాప్ కమాండ్‌లో షిఫ్ట్ ఎమ్ నొక్కి, ఎక్కువ మెమరీ తింటున్నదాన్ని గుర్తించి మూసేయండి. చాలామంది ఇచ్చే సలహా స్వాప్ తీసేయమని. నేనైతే వద్దంటాను. స్వాప్ లేకపోతే కెర్నల్ ప్రోగ్రామ్‌ల కోడ్ పేజీలనే పారేసి మళ్లీ మళ్లీ చదువుతుంది, యాతన తప్పదు. దానికి బదులు జెడ్‌ర్యామ్ పెట్టుకోండి. అది పేజీలను కుదించి ర్యామ్‌లోనే ఉంచుతుంది కాబట్టి డిస్క్ కంటే చాలా వేగం. కెర్నల్ స్వాప్ వైపు ఎంత మొగ్గాలో చెప్పే సెట్టింగ్ స్వాపీనెస్, అది మామూలుగా 60 ఉంటుంది. 5.8 కెర్నల్ నుంచి 200 దాకా పెట్టవచ్చు, జెడ్‌ర్యామ్‌తో 100 దాటించినా సబబే.

సమస్య: ప్రోగ్రామ్ చెప్పాపెట్టకుండా మాయమైంది

ఇది ఓఓఎమ్ (అవుట్ ఆఫ్ మెమరీ) కిల్లర్ పని. ఇక ఖాళీ చేయడానికి ఏమీ మిగలనప్పుడు కెర్నల్ ఒక ప్రాసెస్‌ను ఎంచి చంపేస్తుంది. కెర్నల్ లాగ్‌లో 'అవుట్ ఆఫ్ మెమరీ' అన్న వరుస దొరుకుతుంది. కంటైనర్ (ప్రోగ్రామ్‌ను తన పరిమితులతో విడిగా నడిపే డబ్బా లాంటిది) అయితే ఎగ్జిట్ కోడ్ 137, అంటే 128కి కిల్ సిగ్నల్ 9 కలిపితే వచ్చేది. 137 ఒక్కటే చూసి తేల్చేయకండి, ఎవరైనా చేత్తో చంపినా అదే వస్తుంది.

చనిపోయినదే దోషి అనుకోకండి. ఎంపిక ప్రధానంగా ఎవరు ఎక్కువ మెమరీ వాడుతున్నారన్నదాన్ని బట్టే జరుగుతుంది. ఎక్కడో చిన్న స్క్రిప్ట్ తీసుకున్న మెమరీని తిరిగి ఇవ్వకుండా లీక్ చేస్తుంటే, పద్ధతిగా పనిచేసుకుంటున్న పెద్ద డేటాబేస్ బలైపోవచ్చు. లాగ్‌లో ఆ వరుసకు పైనే అప్పటి ప్రాసెస్‌ల పట్టిక ఉంటుంది. దాన్ని చదివి, గంట గంటకూ పెరుగుతున్నదాన్ని పట్టుకోండి. ముఖ్యమైన సర్వీసుకు, ఈ ఎంపికను మార్చే ఓఓఎమ్ స్కోర్ అడ్జస్ట్ విలువ తగ్గించవచ్చు. మైనస్ 1000 ఇస్తే దాని జోలికి రాదు. అన్నిటికీ అలా ఇస్తే మాత్రం చంపడానికి ఎవరూ మిగలరు.

హోస్ట్‌లో (కంటైనర్‌ను నడిపే యంత్రంలో) మెమరీ దండిగా ఉన్నా కంటైనర్ చస్తుంటే, దానికి పెట్టిన పరిమితి చిన్నదన్నమాట. పరిమితి పెంచండి, లేదా అప్లికేషన్ హీప్‌ను (అది తన డేటా కోసం తీసుకునే మెమరీని) అందులో ఇమిడేలా తగ్గించండి.

సమస్య: విండోస్‌లో ర్యామ్ మిగిలి ఉన్నా 'మెమరీ చాలదు' అంటోంది

విండోస్ తన దగ్గర ఉన్నదానికి మించి మాట ఇవ్వదు. ర్యామ్, పేజ్‌ఫైల్ (విండోస్‌లో స్వాప్ లాంటి డిస్క్ ఫైల్) కలిపితే వచ్చేది కమిట్ పరిమితి. ప్రోగ్రామ్‌లకు అలా మాట ఇచ్చిన మెమరీ అక్కడికి చేరితే, ఇంకా వాడకపోయినా కొత్తగా అడిగినవాళ్లకు దొరకదు. టాస్క్ మేనేజర్‌లో 'కమిటెడ్' అంకె చూడండి. స్పీడ్ కోసమని ఎవరో పేజ్‌ఫైల్ ఆపేసి ఉంటే, దాని సైజు సిస్టమే చూసుకునేలా తిరిగి ఆన్ చేయండి.