స్టేజీ చూసి టైపు చెప్పేయకండి

గవర్నర్‌పేటలో టీ తాగుతూ మా బావమరిది "ఫ్రెడ్డీ మెర్క్యురీ పక్కా ఎక్స్‌ట్రావర్ట్, బావా" అని తేల్చేశాడు. క్వీన్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండు గాయకుడి గురించి ఆ మాట. మొదట్లో నేనూ అలాగే పప్పులో కాలేశాను.

మనుషుల్ని స్వభావాన్ని బట్టి టైపులుగా విడదీసిన స్విస్ మనోవైద్యుడు కార్ల్ యూంగ్ 1921లో చెప్పిన మనసు పనితీరులు నాలుగే: ఇంద్రియాలు, స్ఫురణ, ఆలోచన, అనుభూతి. ఒక్కోటీ లోపలికో బయటికో తిరిగితే ఎనిమిది టైపులు. మనిషి దేనిమీద ఎక్కువ ఆధారపడతాడో పట్టుకోవాలి, అంతే.

1985 జులై 13, లండన్ వెంబ్లీ స్టేడియంలో లైవ్ ఎయిడ్ అనే విరాళాల కచేరీ, స్టేజీ మీద ఫ్రెడ్డీ. ఆ వీడియో సౌండ్ తీసేసి చూడండి. సగం మైకు స్టాండు, జనం చేతులు, చివరికి కెమెరామన్ కూడా, ఏది ఎదురైతే దానితో ఆడుకుంటాడు. ఇది బయటికి తిరిగిన ఇంద్రియం.

తర్వాత ఇంటర్వ్యూలు పెట్టండి. అసలు పని ఇక్కడే. అదే మనిషి నవ్వొస్తే పళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. 1975 నాటి తన పాట 'బొహీమియన్ రాప్సొడీ'కి అర్థం అడిగితే విప్పి చెప్పడు. లోపలి అనుభూతి లోపలే.

నా లెక్కలో అనుభూతి ముందు, ఇంద్రియం తర్వాత: యూంగ్ మాటల మీద తర్వాత కట్టిన మైయర్స్-బ్రిగ్స్ పద్ధతిలో దీని పేరు ఐఎస్ఎఫ్‌పీ, అంటే ఇంట్రావర్ట్ టైపు. వరుస తిప్పితే ఈఎస్ఎఫ్‌పీ, ఎక్స్‌ట్రావర్ట్ టైపు. మా వాడు దానికే పట్టుబట్టాడు. ఇదేమీ రక్తపరీక్ష కాదు కాబట్టి నేనూ గట్టిగా వాదించలేదు. రెండో టీ చెప్పాను.