పాత అమెరికా రైల్వే బాండ్లు సేకరించడం ఎలా?

న్యూజెర్సీలో ఒక ఆదివారం సంతలో, పాత పోస్టుకార్డుల పెట్టె అడుగున నాకు మొదటి బాండ్ దొరికింది. నాలుగు మడతలు పెట్టి ఉంది. విప్పితే బల్ల సగం ఆక్రమించింది. పైన పొగ కక్కుతున్న ఇంజను, మధ్యలో వెయ్యి డాలర్లు ఇస్తామన్న మాట, కింద వరసగా బస్సు టికెట్లంత కూపన్లు. పన్నెండు డాలర్లకు బేరం కుదిరింది. తెచ్చిన వారంలోనే దాన్ని లామినేషన్ చేయించాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

1. ముందు కూపన్లు చదవడం నేర్చుకోండి

షేరు కొన్నవాడు కంపెనీలో వాటాదారు. బాండ్ కొన్నవాడు కంపెనీకి అప్పిచ్చినవాడు. 19వ శతాబ్దంలో అమెరికా రైలు పట్టాల్లో చాలా భాగం ఇలాంటి అప్పుతోనే పడ్డాయి. ఆరు నెలలకోసారి ఒక కూపన్ కత్తిరించి ఇస్తే వడ్డీ చేతికొచ్చేది. ముప్ఫై ఏళ్ల బాండ్‌కు అరవై కూపన్లన్నమాట. అందుకే బాండ్ చేతికి రాగానే కత్తెర ఎక్కడిదాకా వచ్చిందో చూడండి. 1873 సెప్టెంబర్ 18న నార్తరన్ పసిఫిక్ రైల్వేకు డబ్బు సమకూరుస్తున్న జే కుక్ బ్యాంకు మూతపడింది. ఆ దెబ్బకు ఎన్నో రైలు కంపెనీలు వడ్డీ కట్టలేక చేతులెత్తేశాయి. ఆ కాలపు బాండ్‌కు కూపన్లు బాగా మిగిలి ఉంటే దివాలా కథ అయ్యే అవకాశం ఎక్కువ. అలాగని ప్రతిసారీ దివాలా అనుకోకండి, గడువుకు ముందే కంపెనీ బాకీ తీర్చేసినా కూపన్లు మిగులుతాయి.

వెస్ట్ షోర్ రైల్‌రోడ్ బాండ్ల మీద అసలు తిరిగిచ్చే ఏడాది 2361 అని ఉంటుంది. అచ్చు తప్పు కాదు. అంత ధీమా!

2. ఒక దారి ఎంచుకోండి

కనపడిందల్లా కొంటే ఆరు నెలల్లో బీరువా నిండుతుంది, విసుగూ వస్తుంది. మనం చిన్నప్పుడు ఆడిన బిజినెస్ ఆటకు మూలమైన మోనోపలీలో బాల్టిమోర్ అండ్ ఒహాయో, పెన్సిల్వేనియా, రీడింగ్ అని రైల్వేల పేర్లుంటాయి. కొత్తవాళ్లకు ఈ మూడూ మంచి మొదలు, 20వ శతాబ్దపు కాగితాలైతే పది, ఇరవై డాలర్లకే దొరుకుతాయి. సంతకాల జోలికి మాత్రం అప్పుడే వెళ్లకండి. వాండర్‌బిల్ట్, జే గౌల్డ్ లాంటి ఆనాటి రైల్వే కుబేరుల సంతకమంటే ధర ఒక్కసారిగా ఎగురుతుంది. అది సిరాతో పెట్టిందా, అచ్చులో వేసిందా తేల్చుకోవడానికి కన్ను కుదరాలి.

3. బొటనవేలితో పరీక్ష

అక్షరాల మీద, బొమ్మ అంచుల మీద బొటనవేలు మెల్లగా ఆడించండి. అసలుదైతే సిరా కాస్త ఉబ్బెత్తుగా గరగరలాడుతుంది. లోహపు పలకలో గీతలు చెక్కి, ఆ గాడుల్లో సిరా నింపి, గట్టిగా ఒత్తి అచ్చువేసేవారు. నోట్ల ముద్రణ పద్ధతే ఇది. ఏడు సంస్థలు కలిసి 1858లో ఏర్పడిన అమెరికన్ బ్యాంక్ నోట్ కంపెనీ పేరు చాలా కాగితాల అంచున కనిపిస్తుంది. భూతద్దంలో చూస్తే ఇంజను చక్రం కూడా సన్నని గీతలుగానే ఉండాలి. చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది ఈ కాలపు నకలు.

చిల్లులు చూసి భయపడకండి. బాకీ తీరాక రద్దు చేసినట్టు గుర్తుగా పంచ్ చేసేవారు. చిల్లు సరిగ్గా బొమ్మ మీదో సంతకం మీదో పడితే మాత్రం ధర తగ్గించమని అడగండి.

4. బంగారం మాట నమ్మకండి

చాలా బాండ్ల మీద బంగారు నాణేల్లో చెల్లిస్తామని రాసి ఉంటుంది. దాన్ని చూపించి ఇప్పటికీ కోట్లు వస్తాయని ఊరించేవాళ్లున్నారు. ఈ ఆశకు 1933లోనే తెరపడింది. బంగారంలో చెల్లిస్తామన్న షరతులు చెల్లవని అమెరికా కాంగ్రెస్ ఆ ఏడాది తీర్మానించింది. నార్మన్ అనే బాండుదారు బాల్టిమోర్ అండ్ ఒహాయో బాండ్ కూపన్ ఒకటి పట్టుకుని కోర్టుకెళ్లాడు. కూపన్ విలువ 22.50 డాలర్లు. డాలర్‌కు వచ్చే బంగారాన్ని తగ్గించారు కాబట్టి పాత లెక్కన 38.10 ఇవ్వాలన్నాడు. 1935లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో కాదంది. 22.50తోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది. అప్పట్లో నడుస్తున్న కంపెనీ విషయంలోనే అలా తేలితే, ఎప్పుడో మూతపడ్డ కంపెనీ కాగితం సంగతి చెప్పాలా? ఇలాంటి మోసాల గురించి అమెరికా ట్రెజరీ శాఖే హెచ్చరించింది. ఎవరైనా లక్షల డాలర్ల విలువ కట్టిన పత్రం చూపిస్తే దండం పెట్టి వచ్చేయండి.

ధర తెలియాలంటే వేలంలో నిజంగా అమ్ముడుపోయిన రేటు చూడండి. అమ్మేవాడు అడిగే రేటు ఎంతైనా ఉండొచ్చు.

5. దాచడం

ఇప్పుడు లామినేషన్ సంగతి. వేడికి ప్లాస్టిక్ కాగితానికి అతుక్కుపోయింది. ఇక వేలికి ఆ గరగర తగలదు, అమ్మబోతే కొనేవాడు లేడు. మీరు ఆ పని చేయకండి. సెల్లో టేపు కూడా వద్దు. పీవీసీ కవర్లు వదిలేసి మైలార్ (పారదర్శకమైన పాలియెస్టర్) కవర్లో, వెనక ఆమ్లం లేని అట్ట పెట్టి, పరిచినట్టుగా దాచండి. ఎప్పటినుంచో ఉన్న మడతను ఇస్త్రీ చేయబోకండి, చిరుగుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో ఉంటే గోడకు ఆనించిన బీరువా పనికిరాదు. కలరా ఉండలు కవర్లో వేయకండి. ఎక్కడ, ఎంతకు కొన్నారో కవర్ మీద అంటించిన చీటీలో రాయండి, బాండ్ మీద పెన్సిల్ కూడా పెట్టొద్దు.

చేయి తిరిగాక మన రైళ్ల వైపు రావచ్చు. 1889లో బెజవాడ దాకా పట్టాలు తెచ్చిన నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ 1883లో లండన్‌లో పుట్టింది. అందుకే దాని కాగితాల కోసం నేను ఇప్పుడు హైదరాబాద్ పాత సామాన్ల అంగళ్లకన్నా బ్రిటన్ వేలం జాబితాలే ఎక్కువ తిరగేస్తున్నాను.