పెద్ద రీఫ్ ట్యాంకు నిర్మాణం, 6వ పాఠం: పంపు ఆగితే నీళ్లు ఎక్కడికి పోతాయి

రీఫ్ ట్యాంకు అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం. ఈ పాఠంలో దానికి ఉప్పునీళ్లు కలపడం నేర్చుకోవలసి ఉంది. దానిని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. ఐదో పాఠం చదివి ఓవర్‌ఫ్లో (ట్యాంకులో గట్టు మీదుగా పొర్లే నీటిని అందుకునే పెట్టె), సంప్ (ట్యాంకు కింద క్యాబినెట్‌లో ఉండే రెండో తొట్టి), రిటర్న్ పైపు (సంప్ నుంచి పంపు నీటిని తిరిగి పైకి పంపే పైపు) బిగించుకున్నవారిలో పలువురు దాదాపు ఒకే మాట రాశారు: పంపు నడుస్తున్నంతసేపూ అంతా సజావుగానే ఉంది, ఆపగానే సంప్ నిండి నేల మీదికి పారింది. ఒకరి ఇంట్లో క్యాబినెట్ అడుగు పలక ఉబ్బి, తలుపు పట్టకుండా పోయిందట. ఇందులో సగం తప్పు నాది. సంప్‌లో నీటిమట్టం 25 సెంటీమీటర్లు ఉంచమని చెప్పాను గాని, అది పంపు నడుస్తున్నప్పటి మట్టమనీ, పంపు ఆగాక పైనుంచి దిగే నీటికోసమే మిగిలిన ఎత్తును ఖాళీగా వదిలామనీ విడమరచి చెప్పలేదు. ఏళ్ల తరబడి చేస్తున్న పని కావడంతో, అది చెప్పవలసిన సంగతేనని నాకు తోచలేదు.

మిగిలిన సగం తప్పు చెక్ వాల్వ్‌ను, అంటే నీటిని ఒకే వైపుకు పోనిచ్చే కవాటాన్ని, నమ్మినవారిది. దాని దగ్గరికి తరవాత వస్తాను. ముందు లెక్క చూద్దాం.

మన నమూనా ట్యాంకు పొడవు 180, వెడల్పు 75, ఎత్తు 60 సెంటీమీటర్లు. ఇందులో ఒక్క సెంటీమీటరు మందాన నిలిచిన నీరు 13.5 లీటర్లు. సంప్ పొడవు 120, వెడల్పు 50, ఎత్తు 45 సెంటీమీటర్లు కాబట్టి అక్కడ ఒక సెంటీమీటరు అంటే 6 లీటర్లు. అంటే పైన ఒక సెంటీమీటరు నీరు దిగితే కింద రెండుంబావు సెంటీమీటర్లు పెరుగుతుంది. మీ ట్యాంకు కొలతలు వేరైతే ఈ రెండు అంకెలనూ మీ కొలతలతో కట్టి, సంప్ తలుపు లోపలివైపు రాసి పెట్టుకోండి. ఇకముందు ప్రతి పాఠంలోనూ వీటితో పని పడుతుంది.

పంపు ఆగినప్పుడు కిందికి వచ్చే నీరు నాలుగు చోట్లది. మొదటిది, ఓవర్‌ఫ్లో గట్టు మీదుగా పారుతున్న పొర. మన పంపు వేగానికి అది సుమారు 2 సెంటీమీటర్లు ఉంటుంది, అంటే 27 లీటర్లు. రెండోది, ఓవర్‌ఫ్లో పెట్టెలో, నీటిని సంప్‌లోకి దించే ప్రధాన పైపు నోటికి పైన నిలిచిన నీరు. 40 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పెట్టెలో అది 15 సెంటీమీటర్ల ఎత్తు నిలిస్తే 7.2 లీటర్లు. మూడోది పైపులలోని నీరు. లోపలి వ్యాసం 32 మిల్లీమీటర్లున్న పైపు మీటరుకు 0.8 లీటరు పడుతుంది కాబట్టి మూడు మీటర్లకు రెండున్నర లీటర్లు కూడా ఉండదు. ఇంతవరకూ కలిపి 37 లీటర్లు. దీనికి భయపడవలసింది ఏమీ లేదు, సంప్‌లో ఆరు సెంటీమీటర్ల పైచిలుకు పెరుగుతుంది, అంతే.

ఇల్లు ముంచేది నాలుగోది. రిటర్న్ పైపు ముక్కు నీటిలో మునిగి ఉంటుంది. పంపు ఆగినంత మాత్రాన ఆ దారి మూసుకుపోదు. నీరు అదే పైపులోంచి, అదే పంపు గుండా, సైఫన్‌గా, అంటే పైపు నిండా తెగకుండా తన బరువుతో తానే లాక్కుంటూ, వెనక్కి దిగుతుంది. ముక్కు నోటి పై అంచు నీటి మట్టానికి బయటపడి గాలి పీల్చేవరకూ అది ఆగదు. ముక్కు గట్టు అంచుకు 10 సెంటీమీటర్ల కింద ఉంటే ఈ ఒక్క దారినే 135 లీటర్లు దిగుతాయి. మొత్తం 172 లీటర్లు. మన సంప్‌లో 25 సెంటీమీటర్ల మట్టానికి పైన ఖాళీ 20 సెంటీమీటర్లు, అంటే 120 లీటర్లే. మిగిలిన 52 లీటర్లు నేల మీద ఉంటాయి. పైగా స్కిమ్మర్ (నురగతో నీటిలోని మురికిని తీసే పరికరం), సంప్‌లోని అడ్డుగోడలు, ఇతర సామాను ఆ ఖాళీలో కొంత ఆక్రమిస్తాయి కాబట్టి నిజానికి 120 కూడా దొరకదు.

అదే ముక్కును గట్టు అంచుకు 2 సెంటీమీటర్ల కిందికి తెస్తే ఆ దారిన దిగేది 27 లీటర్లు, మొత్తం 64 లీటర్లు. సంప్ మట్టం 25 నుంచి సుమారు 36 సెంటీమీటర్లకు పెరిగి ఆగుతుంది. పంపు నడిచేటప్పుడు గట్టు మీది పొర 2 సెంటీమీటర్లు కలుస్తుంది గనుక ముక్కు అప్పుడు నాలుగు సెంటీమీటర్ల లోతులోనే ఉంటుంది, గాలి పీల్చదు, చప్పుడూ చేయదు. ముక్కు లోతుగా ఉంటే అడుగున ప్రవాహం బాగుంటుందని కొందరి వాదన. ఆ పని రిటర్న్ పంపుది కాదు. సంప్ గుండా గంటకు ట్యాంకు నీటికి మూడు నుంచి ఐదు రెట్లు తిరిగితే చాలు. పగడాలకు కావలసిన 20, 30 రెట్ల ప్రవాహాన్ని ట్యాంకు లోపల అమర్చే వేవ్ పంపులు ఇస్తాయి. నేనైతే రిటర్న్ పైపు కోసం గాజుకు రంధ్రం చేయను, అంచు మీదుగా తెచ్చి వంగే ముక్కు పెడతాను. అలా అయితే లోతును చేత్తో సర్దుకోవచ్చు.

ఇక చెక్ వాల్వ్. దీనినే నాన్-రిటర్న్ వాల్వ్ అంటారు. రాసినవారిలో ఎక్కువమంది, "ముక్కు లోతుగా ఉన్నా పరవాలేదు, చెక్ వాల్వ్ పెట్టాం కదా" అన్నవారే. ఈ వాక్యం చదివినప్పుడల్లా నాకు చిరాకు కలుగుతుంది. అందుకు కారణం నా మొదటి పెద్ద ట్యాంకు. అందులో నేనూ ఇదే వాక్యాన్ని నమ్మాను. బిగించిన రోజు పదిసార్లు పంపు ఆపి చూశాను, ఒక్క బొట్టు కూడా వెనక్కి రాలేదు. పదకొండు నెలల తరవాత ఒక రాత్రి కరెంటు పోయింది. తెల్లవారి లేచేసరికి కాలికి తడి తగిలింది. వాల్వ్ విప్పి చూస్తే రబ్బరు పలక కీలు దగ్గర, ఆవగింజకన్నా చిన్నవైన తెల్లని చుట్టలు నాలుగైదు అంటుకొని ఉన్నాయి. అవి స్పైరోర్బిడ్ పురుగులు కట్టుకునే సున్నపు గూళ్లు. వెలుతురు అక్కరలేని, నీరు పారే ఇరుకులన్నీ వాటికి ఇష్టమైన చోట్లే. ఆ నాలుగు చుట్టల మందాన పలక పూర్తిగా ఆనకుండా నిలబడిపోయింది.

వాల్వ్ పూర్తిగా చెడిపోనక్కరలేదని గమనించండి. సన్నని సందులోంచి నిమిషానికి 100 మిల్లీలీటర్లు, అంటే చిన్న టీ గ్లాసెడు నీరు జారినా గంటకు 6 లీటర్లవుతుంది. మన సంప్‌లో గంటకు సరిగ్గా ఒక సెంటీమీటరు. పది గంటలు కరెంటు లేకపోతే 60 లీటర్లు. పగటిపూట పంపును అయిదు నిమిషాలు ఆపి చూసేవారికి ఇది కంటికి కూడా ఆనదు. కొత్త వాల్వ్, శుభ్రమైన మంచినీళ్లు, అయిదు నిమిషాల పరీక్ష: ఈ మూడూ కలిస్తే వాల్వ్ ప్రతిసారీ నెగ్గుతుంది. రీఫ్ ట్యాంకులో మాత్రం క్యాల్షియం, కార్బొనేట్ పుష్కలంగా ఉండేలా మనమే చూస్తాం, ఎందుకంటే పగడాలు తమ అస్థిపంజరాన్ని వాటితోనే కట్టుకోవాలి. ఆ సున్నం పగడం మీదే పేరుకోవాలని నియమం లేదు. పంపు ఇరుసు మీద, పైపు గోడ మీద, వాల్వ్ కీలు మీద కూడా పేరుకుంటుంది. రెండు వాల్వ్‌లు వరసగా పెట్టానని ఒకరు రాశారు. రెండింటి గుండా పారేది ఒకే నీరు, వాటిలో పెరిగేవి ఒకే జీవులు. రెండూ ఒకే నెలలో మొరాయిస్తాయి.

పైపుకు నీటి మట్టానికి కాస్త కింద సైఫన్ తెగేందుకు రంధ్రం చేసేవారికీ ఇదే చెబుతాను. రంధ్రం చేయండి, నేనూ చేస్తాను. అయితే నాచు గాని, నత్త గాని దానిని మూసేయగలదు కాబట్టి లెక్కలో దానిని కలపకండి. చెక్ వాల్వ్ పెట్టినా తప్పు లేదు, పంపు విప్పేటప్పుడు పనికొస్తుంది. లెక్క మాత్రం అది లేనట్టే వేయాలి. మీరు పెడితే యూనియన్‌తో (పైపును కోయకుండా తిప్పి విప్పే మర జోడుతో) విప్పదగినది, లోపలికి కనబడే పారదర్శకమైనది పెట్టి, మూడు నెలలకొకసారి విప్పి వెనిగర్‌లో నానబెట్టాలి. నాకు అంత ఓపిక లేక ఆ తరవాత పెట్టలేదు.

దీనికి ఎదురు ప్రమాదం కూడా ఉంది. ప్రధాన పైపు మూసుకుపోయి, రిటర్న్ పంపు మాత్రం తిరుగుతుంటే నీరు పైనుంచి పొర్లాలి. మన అమరికలో అత్యవసర పైపు ఉంది గాని, అదీ మూసుకుపోతే దిక్కేమిటి? పంపు గదిలో, అంటే సంప్‌లో పంపు ఉండే భాగంలో, ఉన్న నీరంతా పైకి పోయినా ట్యాంకు పట్టాలి. మన పంపు గది పొడవు 30, వెడల్పు 50, పంపు తోడగలిగే లోతు 17 సెంటీమీటర్లు. మొత్తం 25.5 లీటర్లు, అంటే పైన 1.9 సెంటీమీటర్లు. నడుస్తున్న మట్టానికీ గాజు అంచుకూ మధ్య కనీసం 4 సెంటీమీటర్లు ఉంచమని ఐదో పాఠంలో చెప్పింది ఇందుకే. పంపు గదిని పెద్దది చేసుకోవాలని ముచ్చటపడినవారు ఈ అంకెను మళ్లీ కట్టుకోవాలి. ఆవిరైన నీటిని నింపే యంత్రం గొట్టం చివర కూడా మంచినీటి తొట్టి మట్టానికి కిందికి దిగకూడదు. దిగితే ఆ తొట్టి సైఫన్‌గా సంప్‌లోకి ఖాళీ అవుతుంది, ఉప్పు శాతం పడిపోతుంది.

హీటర్‌ను పంపు గదిలో పెట్టకండి, అక్కడి మట్టం మారుతూ ఉంటుంది. స్కిమ్మర్ గదిలో పెట్టండి. ప్లగ్గులన్నిటికీ వైరు కిందికి వేలాడి మళ్లీ పైకి లేచేలా వదలాలనీ, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) తప్పనిసరనీ మీకు తెలిసిందే. ఒక్క విషయం: సంప్ మట్టం పెరిగినప్పుడు స్కిమ్మర్ మెడదాకా మునుగుతుంది. కరెంటు రాగానే అది పిచ్చిగా నురగ కక్కి, గిన్నెలో వారం రోజులుగా పట్టిన మురికిని తిరిగి నీటిలోకే పోస్తుంది. దాని పంపు రిటర్న్ పంపు కన్నా పది నిమిషాలు ఆలస్యంగా మొదలయ్యేలా టైమర్ పెట్టండి.

ఇప్పుడు అభ్యాసం. దీనికి ఒక సెలవు రోజంతా కేటాయించండి. ఉప్పు కలపక ముందు, రాళ్లు పెట్టక ముందు, ఉత్త నీళ్లతోనే చేయాలి. చెక్ వాల్వ్ ఉంటే దాని లోపలి పలకను తీసి పక్కన పెట్టండి. పంపు నడుపుతూ మట్టం నిలకడకు వచ్చాక సంప్ గాజు మీద మార్కర్‌తో ఒక గీత గీయండి. పంపు ఆపి, నీరు దిగడం పూర్తిగా ఆగేదాకా, అంటే కనీసం అరగంట, కదలకుండా చూసి రెండో గీత గీయండి. రెండు గీతల మధ్య దూరాన్ని మీ సంప్ అంకెతో గుణించి, పైన కట్టిన లెక్కతో పోల్చండి. తేడా పది లీటర్లు దాటితే ఎక్కడో ఒక చోటును మీరు లెక్కలో వదిలేశారు, అది దొరికేవరకూ ముందుకు వెళ్లవద్దు. రెండో గీత అంచుకు కనీసం 5 సెంటీమీటర్ల దిగువన ఉండాలి. లేకపోతే ముక్కును పైకి తేవాలి, లేదా మొదటి గీతను కిందికి దించాలి.

తరవాత ఇదే పనిని పదిసార్లు చేయండి, ప్రతిసారీ పంపు మళ్లీ మొదలైనప్పుడు ప్రధాన పైపులోని గాలి తనంతట తాను బయటికి పోయి సైఫన్ అందుకుంటోందా చూడండి. ఆపైన ప్రధాన పైపు మీది గేట్ వాల్వ్‌ను పూర్తిగా మూసి, నీరంతా అత్యవసర పైపు గుండా పోగలుగుతోందో లేదో పది నిమిషాలు పరీక్షించండి. చివరగా రెండు పైపులనూ మూసి, పంపు గది ఖాళీ అయ్యేవరకూ ట్యాంకు అంచు దగ్గరే నిలబడండి, చేయి ప్లగ్గు మీద ఉండాలి. పంపు గాలి పీల్చిన చప్పుడు వినబడగానే ఆపండి. అప్పుడు పైన ఎన్ని మిల్లీమీటర్లు మిగిలిందో కొలిచి, తలుపు లోపలి అంకెల కింద తేదీతో సహా రాయండి. ట్యాంకులో రాళ్లు పేర్చాక, పంపు మార్చిన ప్రతిసారీ ఆ అంకె మారుతుంది, అప్పుడు మళ్లీ కొలవాలి. ఏడో పాఠానికి ఉప్పు, రిఫ్రాక్టోమీటర్ (ఉప్పు శాతం కొలిచే పరికరం), దానిని సరిచూసుకోవడానికి 35 పీపీటీ (వెయ్యి వంతులకు 35 వంతుల ఉప్పు) ద్రావణం సిద్ధం చేసుకోండి. సంప్ గాజు మీద రెండు గీతలూ లేనివారు ఉప్పు సంచి విప్పవద్దు.