బీరువా సర్దుదాం, కట్టుకునేవే ఉంచుకుందాం

బీరువా మొత్తం ఒకేసారి మంచం మీద గుమ్మరించకండి. సాయంత్రానికి విసుగొచ్చి అన్నీ తిరిగి కుక్కేస్తారు. రోజుకొక అర చాలు.

ఏడాదిగా కట్టని చీర చేతికొస్తే కారణం చూడండి. జాకెట్ బిగుతా? లోపల వదిలిన కుట్టు విప్పిస్తే సరి. ఫాల్ ఊడిందా? కుట్టించండి. రంగే నచ్చకపోతే, ఎంత ఖరీదైనదైనా ఇచ్చేయండి. మెత్తబడ్డ నూలు చీరలు బొంతకు పక్కన పెట్టండి. పాలిస్టర్ కలపొద్దు, చెమట పీల్చదు.

వరంగల్ ఎండలకు నూలే హాయి. సిద్దిపేట గొల్లభామ చీరలాంటివి చేతికందే అరలో ఉంటేనే కడతాం.

పట్టుచీరలను మాత్రం ప్లాస్టిక్ కవర్లలో ఉంచకండి, చెమ్మ నిలిచి జరీ నల్లబడుతుంది. ఉతికిన తెల్ల నూలుగుడ్డలో చుట్టి, మూడు నెలలకోసారి మడత మార్చండి. లేకుంటే మడత దగ్గరే చిట్లుతుంది. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి, గుడ్డలో మూటకట్టి అర మూలన పెట్టండి.