బ్రెజిల్ పల్లెలో అడ్రస్ ప్రూఫ్ చిక్కు నాకెలా విడిందంటే

చాలామంది అడుగుతున్నారని రాస్తున్నా. నేనుండేది బహియా తీరంలోని కరాయీవాలో. ఊళ్లోకి కార్లు రావు, పడవలో ఏరు దాటాలి. మా ఇంటికి నంబరే లేదు. చేతిలో సీపీఎఫ్ (ఇక్కడి పన్ను గుర్తింపు నంబరు) ఉన్నా, అడ్రస్ రుజువు లేదని బ్యాంకులో ఖాతా తెరవలేదు. ఖాతా లేకపోతే పిక్స్ (మన యూపీఐ లాంటి ఫోన్ చెల్లింపు) లేదు. పిక్స్ లేకపోతే కొబ్బరిబోండాం కొనాలన్నా చిల్లర వెతుక్కోవాలి.

అద్దె కాగితం, ఫోన్ బిల్లు, బస చేసిన హోటల్ రసీదు, ఏదీ చెల్లలేదు.

కరెంటు బిల్లు ఇంటి ఓనరమ్మ పేరున ఉంది. ముందు తాజా బిల్లు, ఆవిడ గుర్తింపు కార్డు జిరాక్సులు తీసుకున్నా. తర్వాత నేను ఆ ఇంట్లోనే ఉంటున్నానని పోర్చుగీసులో ఒక పేజీ డిక్లరేషన్ రాయించా. అందులో ఇద్దరి పేర్లు, సీపీఎఫ్ నంబర్లు, ఇంటి నంబరు చోట 'సెం నూమెరు', అంటే నంబరు లేదని. దాని మీద ఓనరమ్మ సంతకం మాత్రం ఇంట్లో పెట్టించలేదు. ఆవిణ్ణి బతిమాలి పోర్టో సెగురోలోని కార్తోరియోకి తీసుకెళ్లా (మన నోటరీ లాంటిదే, కాకపోతే ఇక్కడ దానికి పెత్తనమెక్కువ). ఆవిడ నమూనా సంతకం వాళ్ల దగ్గర లేదు. అది నమోదు చేయించాకే డిక్లరేషన్ మీద సంతకాన్ని ధ్రువీకరించి స్టాంపు వేశారు. ఆ స్టాంపు చూశాక బ్యాంకులో మారుమాట లేదు.

1983 నాటి 7115 చట్టం ప్రకారం సొంత సంతకంతో ఇచ్చే నివాస ప్రకటననే నిజమని ఎంచాలి. కౌంటర్ దగ్గర ఆ మాట నాకు పనికిరాలేదు. మీ బ్రాంచిలో వేరేగా ఉండొచ్చు. ఓనరు రానంటే మాత్రం ఈ దారి మూసుకుపోయినట్టే.